ఎడమకు తిరిగినప్పుడు

తాండూరు,
9 సెప్టెంబరు 1979.

జంగన్నకు జహూర్ సలాములు.

నీకు చెప్పకుండా వచ్చాను. చెబితే వద్దంటావు, నువ్వు వద్దంటే నేను ఆగిపోయేవాణ్ణి. అందుకే చెప్పలేదు. ఇంతకన్నా మంచి సంజాయిషీ నా దగ్గర లేదు.

మొన్న మన కాలేజీ మైదానంలో ఫుట్‌బాల్ ఆట చూడడానికి వచ్చిన ఇబ్రహీం సాబ్ గుర్తున్నాడా? తెల్ల అంగీ, చేతికర్ర. ఇక్కడి నాపరాళ్ల కంపెనీ టీముకు ఆయనే మేనేజరు. ఆట అయ్యాక నన్ను పక్కకు పిలిచి, "సైకిల్ షాపుల ఎన్నొద్దులు పంక్చర్లేస్తవ్? మా టీముల ఆడు. జిల్లా లీగు గెలిస్తే ముగ్గుర్ని పర్మనెంటు చేస్తం. అండ్ల నువ్వొకనివి" అన్నాడు. నాకు ఇరవై ఆరు నిండాయి అన్నా. ఇంకొకరు వచ్చి పిలుస్తారని ఎన్నాళ్లు చూడను?

పొద్దున రాయి పాలిష్ చేసే మిషను దగ్గర పని, మధ్యాహ్నం నుంచి ప్రాక్టీసు. రిజిస్టరులో మేమంతా కూలీలమే. గుల్బర్గా నుంచి నలుగురు, రాయచూరు నుంచి ఇద్దరు వచ్చారు. వాళ్లు కన్నడంలో మాట్లాడుకుంటుంటే నేను బంతిని చూసి అర్థం చేసుకుంటున్నాను.

అమ్మీ ఒక్కతే ఉంది. నా మీద కోపం ఆమె మీద చూపించవని తెలుసు. అప్పుడప్పుడు పోయి చూడు. బీరమ్మ వదినకు నమస్తే చెప్పు.

నీ
జహూర్


వికారాబాద్,
17 సెప్టెంబరు.

జహూర్‌కు,

ఉత్తరం అందింది. మీ అమ్మ గుల్జారమ్మ బాగానే ఉంది. దగ్గు తగ్గింది. నువ్వు చెప్పకముందే పోయి చూశాను.

మోమిన్‌పేట మీద మ్యాచి మూడు రోజులుందనగా మా సెంటర్ ఫార్వర్డు రైలెక్కి పోయాడని స్టేషను ముందు టీ అమ్మే ఈరయ్య చెబితే తెలిసింది నాకు. ఎనిమిదేళ్లుగా ఈ టీముకు కెప్టెన్ని. పదిహేడేళ్ల వయసులో నువ్వు చెప్పుల్లేకుండా వస్తే నా బూట్లలో గుడ్డలు కుక్కి నీకు తొడిగించాను. టీ కొట్టు దగ్గర నిలబడి నీ కబురు వినవలసిన వాణ్ణా నేను?

మ్యాచి మూడు–ఒకటితో ఓడిపోయాం. ఆ మూడూ నా చేతుల మీదుగానే పోయాయి కాబట్టి నిన్ను అనడానికి లేదు.

బీరమ్మ మాత్రం నీ వైపే. "గా పిల్లగాడు బతుకుదెరువుకు పోయిండు. నువ్వేమో కప్పు కోసం ఏడుస్తున్నవ్" అంటోంది. ఆడదానికి ఏం తెలుసని ఊరుకున్నాను. తరువాత ఆలోచిస్తే ఆమె అన్నదీ నిజమే.

బాగా ఆడు. మా మీద మాత్రం కాదు.

జంగప్ప


తాండూరు,
18 నవంబరు.

జంగన్నకు,

రెండు నెలలుగా రాయలేదని తిట్టకు. రైళ్లలో, లారీల్లోనే గడిచిపోయింది. రాయచూరులో రెండు మ్యాచులు, గుల్బర్గాలో నాలుగు, హైదరాబాదు బీ డివిజనులో మూడు. మొత్తం పదకొండు గోల్స్ కొట్టాను. గుల్బర్గాలో జనం నా పేరు పెట్టి అరిచారు. అరిచినవాళ్లలో ఒక్కడికీ నా ఊరు తెలియదు.

అన్నా, ఇక్కడి ఆట వేరు. మన దగ్గర పాస్ ఇస్తే తిరిగి వస్తుంది. ఇక్కడ పర్మనెంటు చేసేది ముగ్గురినే కదా, అందుకని గోలు ముందు అందరూ ఒంటరివాళ్లే. నేను ఖాళీగా నిలబడి చెయ్యెత్తినా బంతి రాదు. నేను కూడా ఇవ్వడం మానేశాను. మొన్న ఆ సంగతి తెలిసొచ్చి నాకే సిగ్గేసింది.

రాయిపొడి ఎంత కడిగినా చెవుల్లోంచి పోదు. పాలిష్ మిషను మీద పనిచేసే పాతవాళ్లు మమ్మల్ని చూసి, "ఆటగాళ్లొచ్చిన్రు, మిషన్లకు సెలవు" అని నవ్వుతారు. వాళ్లు పదేళ్లుగా పర్మనెంటు కోసం చూస్తున్నారట. నేను వాళ్లతో కలిసి తినను. వాళ్ల ముఖం చూడలేను.

రాయచూరులో కాలు కొంచెం బెణికింది. పెద్దదేం కాదు.

లీగులో మీరు రెండో స్థానంలో ఉన్నారని విన్నాను. మొదటి స్థానం మాదే. సంతోషించాలో భయపడాలో తెలియడం లేదు.

నీ
జహూర్


వికారాబాద్,
2 డిసెంబరు.

తమ్ముడు జహూర్‌కు ఆశీస్సులు.

మొన్న పీర్ల పండుగకు గుల్జారమ్మను బీరమ్మ వెంట తీసుకుపోయింది. ఇద్దరూ అలావా నిప్పులగుండం దగ్గర కూర్చొని నీ గురించే మాట్లాడుకున్నారట. "జంగప్పా, మావోడు గోల్ కొట్టిండంట గద, పేపర్ల వచ్చిందా?" అని గుల్జారమ్మ నన్ను అడిగింది. వచ్చింది, గుల్బర్గా పేపర్లో కాబట్టి మనకు దొరకదు అన్నాను. ఆ మాటకే ఎంత మురిసిపోయిందో.

నువ్వు వెళ్లిన కోపం నాకు ఇప్పుడు లేదు. ఉన్నా తక్కువే. నీ స్థానంలో దౌల్తాబాద్ నుంచి ఒకణ్ణి తెచ్చాం. ఫరవాలేదు. నర్సింహులు ఈ ఏడు డిఫెన్సులో గోడలా నిలబడ్డాడు. వరసగా ఐదు గెలిచాం. ఈసారి కప్పు మన ఊరికి రావచ్చు జహూర్, నిజంగా రావచ్చు.

ఒక సంగతి. రాళ్ల లారీ నడిపే ఎంకయ్య గుల్బర్గాలో నీ మ్యాచి చూశాడట. "మీ జహూర్ గోల్ కొట్టిండు గని అన్నా, ఎగిరిండంటె ఒంటికాలి మీదనే దిగుతున్నడు. ఏందో ఉన్నది" అన్నాడు. నువ్వేమో బెణికిందని రాశావు. నేను గోల్‌కీపర్ని, ఆడేవాడి కాళ్లు చూసే బతికాను. నిజం రాయి. మీ అమ్మకు చెప్పను. నాకు కూడా చెప్పకపోతే ఎవరికి చెప్పుకుంటావు?

నీ అన్న
జంగప్ప


తాండూరు,
13 జనవరి 1980.

అన్నా,

నెలరోజులు నీ ఉత్తరం జేబులో పెట్టుకొని తిరిగాను. ఇవాళ రాస్తున్నాను. చదివి చింపేయి.

కుడి మోకాలు పోయింది. రాయచూరులో ఒకడు అడ్డంగా వచ్చి దానిమీద పడ్డాడు. లోపల దారం పుటుక్కున తెగినట్టు చప్పుడు నాకు వినిపించింది. లేచి ఆడాను. ఆ రోజే గోలు కూడా కొట్టాను. మరునాటికి గుమ్మడికాయంత వాచింది. ఇక్కడ ఒక డాక్టరు ఉన్నాడు, ప్రతి మ్యాచి ముందు మోకాలిలో సూది వేస్తాడు. రెండు గంటలు నొప్పి తెలియదు. ఇబ్రహీం సాబ్‌కు కొంచెం తెలుసు. ఎంత పోయిందో తెలియదు. తెలిస్తే ఇవాళే సంచి సర్దుకోమంటాడు.

నడవగలను, నేరుగా పరుగెత్తగలను. కుడివైపు తిరిగినా భయం లేదు, బరువు ఎడమకాలి మీద పడుతుంది. ఎడమకు తిరగాలంటే కుడికాలు నేలకు తన్నిపట్టాలి. అప్పుడు మోకాలు పక్కకు జారిపోతుంది, నాది కానట్టు. అందుకని రెండు నెలలుగా కుడికే తిరుగుతున్నాను. ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు. గుల్బర్గావాళ్లు అదేదో నా స్టయిలు అనుకుంటున్నారు.

ఇంకొక్క మ్యాచి అన్నా. ఫిబ్రవరి పదో తేదీ, మీ మీదే, మన మైదానంలోనే. అది గెలిస్తే కప్పు, కప్పు వస్తే పర్మనెంటు. ఇబ్రహీం సాబ్ కాగితం మీద నా పేరు రాసి చూపించాడు. అది చేతికి వచ్చిన రోజు నుంచి మళ్లీ బంతి ముట్టను, అమ్మీ మీద ఒట్టు. స్టోర్సులో కూర్చుంటాను. అమ్మీని ఇక్కడికి తెచ్చుకుంటాను.

నువ్వు అవతలి గోలులో ఉంటావు. నీ మీద ఆడవలసి వచ్చినందుకు నా ప్రాణం ఎట్లా ఉందో నీకు తెలుసు. నువ్వు నీ ఆట ఆడు, నేను నా ఆట ఆడతాను. ఎవరు గెలిచినా మ్యాచి తరువాత మీ ఇంట్లోనే తింటాను.

నీ
జహూర్


వికారాబాద్,
30 జనవరి.

జహూర్‌కు,

ఉత్తరం అందింది.

మైదానం రాళ్లు ఏరించాం. గోలుకు కొత్త వల కట్టించాం. గుల్జారమ్మ మ్యాచి చూడడానికి వస్తానంటోంది. బీరమ్మ పక్కన కుర్చీ వేయిస్తాను.

ఆరోగ్యం జాగ్రత్త.

జంగప్ప


వికారాబాద్,
16 ఫిబ్రవరి.

తమ్ముడు జహూర్‌కు,

నిన్ను ఆ రోజే జీపులో తాండూరు తీసుకుపోయారు. మాట్లాడే వీలు దొరకలేదు. కాలుకు పట్టీ వేశారని ఇబ్రహీం సాబ్ మనిషి చెప్పాడు. గుల్జారమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. బీరమ్మ అక్కడే పడుకుంటోంది.

మా కుర్రాళ్లు నిన్ను తాకలేదు జహూర్. నువ్వే చూశావు, రిఫరీ కూడా చూశాడు. నర్సింహులు నీకు రెండు గజాల దూరంలో ఉన్నాడు. నువ్వు తిరిగావు, పడ్డావు. ఆటలో ఇలాంటివి జరుగుతాయి. ఎవరి తప్పూ లేదు.

కప్పు తాలూకా కచేరీలో అద్దాల బీరువాలో పెట్టారు. తహసీల్దారు నాకు దండ వేశాడు.

కాలు ఎలా ఉందో రాయి.

జంగప్ప


తాండూరు,
12 మార్చి.

జంగప్పకు,

పట్టీ తీశారు. హైదరాబాదు పెద్దాసుపత్రికి తీసుకుపోయి చూపించారు. అక్కడి డాక్టరు నా ముఖం చూడకుండా, "నడుస్తవు. ఉరుకుడు మాత్రం ఇడిచిపెట్టు" అన్నాడు.

ఇప్పుడు కంపెనీ గేటు దగ్గర స్టూలు వేసి కూర్చోబెట్టారు. లోపలికి పోయే లారీలకు గొలుసు తీయాలి. పాలిష్ మిషను దగ్గరి పాతవాళ్లు ఇప్పుడు నవ్వడం లేదు. మధ్యాహ్నం పిలిచి వాళ్ల పక్కన కూర్చోబెట్టుకుంటున్నారు. గేటు పని ఎన్నాళ్లని ఇబ్రహీం సాబ్‌ను అడిగితే, "సూద్దాం తియ్" అన్నాడు. కాగితం మీద నా పేరు ఏమైందని అడగలేదు.

వచ్చే ఏడాదికి కొత్త గోల్‌కీపర్ని తెస్తున్నారని అందరూ అనుకుంటున్నారు.

నిన్ను ఒక్క మాట అడుగుతాను. మొదటి సగంలో నర్సింహులు నన్ను రెండు వైపులా కాశాడు. హాఫ్‌టైము తరువాత కుడివైపు మాత్రమే మూసి, ఎడమవైపు పూర్తిగా వదిలేశాడు. ఎందుకు?

జవాబు రాయి.

జహూర్


తాండూరు,
27 ఏప్రిల్.

జహూర్‌కు,

నువ్వు ఈ ఉత్తరం వికారాబాదులో అందుకుంటావు. పైన ఉన్న ఊరు పేరు చూసే నీకు అర్థమై ఉంటుంది. గేటు పని నుంచి నిన్ను తీసేశారని, నువ్వు శుక్రవారం ఇంటికి చేరతావని తెలిసి నేను బుధవారమే వచ్చేశాను.

ఇబ్రహీం సాబ్ మ్యాచి అయిన వారానికే కబురు పెట్టాడు. స్టోర్సులో పర్మనెంటు, రెండేళ్లు గోలు కాయాలి. నాకు ముప్పై రెండు. కచేరీలో పన్నెండేళ్లుగా టెంపరరీ అటెండర్ని. నేను వద్దంటే ఆ ఉద్యోగం నీకు రాదు, ఇంకెవరికో పోతుంది. బీరమ్మకు ఇదే చెప్పాను. ఆమె నాతో రాలేదు.

నువ్వు అడిగినదానికి జవాబు.

నీ జనవరి ఉత్తరం చదివి ఏడ్చాను. మ్యాచి రోజు దాకా ఎవరికీ చెప్పలేదు. ఇది నిజం, నువ్వు నమ్మకపోయినా. మొదటి సగంలో నువ్వు కుడికి తిరిగి కొట్టిన గోలు నా చేతి కిందనుంచి పోయింది. స్కోరు ఒకటి–ఒకటి. మావాళ్లంతా నన్ను చూశారు. ఎనిమిదేళ్లుగా ఓడిన ప్రతిసారీ వాళ్లు అలాగే చూశారు. హాఫ్‌టైములో నిమ్మచెక్క చప్పరిస్తూ నర్సింహులును పక్కకు పిలిచాను. కుడివైపు మూసేయమన్నాను. అంతే చెప్పాను.

ఏ కెప్టెనైనా ఆ మాట చెబుతాడు. అవతలివాడు ఎటు తిరుగుతాడో చూసి ఆ వైపు మూయమనడం ఆటలో భాగమే. రెండు నెలలుగా నాకు నేను ఇదే చెప్పుకుంటున్నాను.

నీ ఉత్తరం చింపలేదు.

నన్ను మాఫ్ చెయ్యి.

జంగప్ప


వికారాబాద్,
11 మే.

జంగప్పకు,

అంతే చెప్పావా?

నర్సింహులు ఫిబ్రవరిలోనే తాండూరు వచ్చాడు. నీ ఫిబ్రవరి ఉత్తరం నాకు అందకముందే. నా మంచం దగ్గర నేలమీద కూర్చొని ఏడ్చాడు. "నీ కాలు గట్లున్నదని నాకు తెల్వది జహూర్ భాయ్, నా పిల్లలమీద ఒట్టు. అన్న చెప్పిండు. కుడిదిక్కు మూసెయ్, ఎడమదిక్కు ఖాళీ ఇడిచిపెట్టు, నువ్వు ముట్టుకునుడు గుడ అవసరం లేదు, వాడే పడ్తడు అన్నడు. నాకు సమజ్ గాలె" అన్నాడు.

వాడే పడతాడు. ఈ మాట నువ్వు రాయలేదు. మార్చిలో నిన్ను అడిగింది తెలియక కాదు. నువ్వే రాస్తావేమో చూద్దామని అడిగాను. నెలన్నర తీసుకొని సగం రాశావు.

నేను పడిన తరువాత సంగతి కూడా నువ్వు రాయలేదు. నేను రాస్తాను. బంతి నా కాలినుంచి జారి మెల్లగా నీ చేతుల్లోకి వచ్చింది. నీకూ నాకూ మధ్య పది అడుగులు కూడా లేవు. నేను "అన్నా" అని అరిచాను. గోల్‌కీపరు బంతిని గీత బయటికి తన్నితే ఆట ఆగుతుంది. ఎవరు పడినా నువ్వు అట్లాగే చేసేవాడివి, అవతలి టీమువాడైనా. మాకందరికీ నేర్పింది నువ్వే. ఆ రోజు నువ్వు నా మీదుగా చూసి, బంతిని దూరంగా ఉన్న దౌల్తాబాద్‌వాడికి విసిరావు. అక్కడినుంచే మీ రెండో గోలు. అందరూ ఆ చివరకు ఉరికారు. ఈ చివర మట్టిలో నేనొక్కణ్ణే ఉన్నాను. మా అమ్మీ కుర్చీలోంచి లేచి మైదానంలోకి వచ్చింది.

చెప్పకుండా పోయానని నన్ను తిట్టావు. ఆ తప్పు నాదే, తిట్లు పడ్డాను. ఆటలో కాళ్లు విరగడం కూడా కొత్త కాదు. నువ్వు నన్ను అడిగావు, జంగప్పా. నాకు కూడా చెప్పకపోతే ఎవరికి చెప్పుకుంటావు అని అడిగావు. అడిగితే చెప్పాను.

ఉద్యోగం నీ ఇష్టం. నేను పాత సైకిల్ షాపులోనే కూర్చుంటున్నాను. చక్రాల వంకలు తీయడానికి కాళ్లతో పనిలేదు. బీరమ్మ వదిన రోజూ వచ్చిపోతోంది. నీ గురించి ఆమె అడగదు, నేను చెప్పను.

జహూర్


తాండూరు,
6 జులై.

జహూర్‌కు,

నువ్వు రాసినదంతా నిజం. వాడే పడతాడు అన్నాను. నువ్వు అన్నా అని అరవడం వినిపించింది. ఆ క్షణాన వినిపించనట్టు చేశాను.

పోయిన వారం బీరమ్మ వచ్చింది. గదంతా ఊడ్చి, వంట చేసి పెట్టి, రెండు రోజులుండి పోయింది. పోయేముందు, "నీకు నౌకరి దొరికింది. ఇంక నీకేం గావాలె?" అంది.

సీజను మొదలవుతోంది. ఇక్కడివాళ్లు ఎవరూ నాకు పాస్ ఇవ్వరు, అవసరం కూడా లేదు, నేను గోల్లో ఉంటాను. కొత్త సెంటర్ ఫార్వర్డు షోలాపూరు నుంచి వచ్చాడు. మోకాలికి గుడ్డ కట్టుకొని ఆడుతున్నాడు. ఏమైందని అడిగితే బెణికింది అన్నాడు. ఇంకేం అడగలేదు.

ఒక్క మాట రాయి. తిట్టినా సరే.

జంగప్ప


వికారాబాద్,
4 ఆగస్టు 1980.

జంగప్పకు,

అమ్మీ రాయమంది కాబట్టి రాస్తున్నాను.

ఆమెకు ఏమీ తెలియదు. నేను చెప్పలేదు, చెప్పను. ఆమె లెక్కలో నువ్వు ఇప్పటికీ తన పెద్దకొడుకువి. "జంగప్ప నౌకరి దొరికినంక మనల్ని మరిచిండా? రంజాన్‌కు వాడు రాకుంటె నేను షీర్ ఖుర్మా ముట్ట" అని కూర్చుంది. నర్సింహులు నోరు విప్పడు. వదిన కూడా విప్పదు. అమ్మీ ఇంకెన్నాళ్లుంటుందో తెలియదు. ఉన్నన్నాళ్లు ఆమెకు ఇద్దరు కొడుకులు ఉండనీ.

పండుగ రోజు పదింటి ప్యాసింజరుకు రా. తిను. ఆమె ముందు నేను నీతో మాట్లాడతాను, నవ్వుతాను కూడా. ఆమె లోపలికి పోతే మాట్లాడను. ఆట గురించి, కాలు గురించి ఎత్తకు. మాఫీ మాట అసలు ఎత్తకు. అది చేశానని అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. సాయంత్రం బండికి వెళ్లిపో.

ఇలా రాగలిగితే రా. లేకపోతే ఆమెకు ఏదో ఒకటి చెబుతాను.

జహూర్


తాండూరు,
15 ఆగస్టు 1980.

జహూర్‌కు,

పండుగ రోజు నేను రాలేదని నువ్వు అనుకుంటున్నావు. వచ్చాను.

పదింటి బండికే రెండో నంబరు ప్లాట్‌ఫారం మీద దిగాను. గుల్జారమ్మకు చీర, నీకు అంగీ గుడ్డ తెచ్చాను. తల ఎత్తి చూస్తే వంతెన మీద నువ్వు ఉన్నావు. ఆమె పంపి ఉంటుంది, నాకు ఎదురు పొమ్మని. కొత్త బట్టల్లో ఉన్నావు. కాలు అలా ఉంటుందని నేను అనుకోలేదు. ఉత్తరాల్లో నువ్వు ఎప్పుడూ రాయలేదు. ఒక్కో మెట్టుకు రెండు కాళ్లూ కలుపుకొని, కమ్మీ పట్టుకొని దిగుతున్నావు. నీ వెనక జనం ఆగిపోయారు. నువ్వు పక్కకు జరిగి వాళ్లకు దారి ఇచ్చావు.

పార్సిలు పెట్టెలు పేర్చి ఉంటే వాటి వెనక్కి పోయాను. ఎందుకు పోయానో అడగకు.

నువ్వు దిగి ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివర దాకా వెతికావు. ప్లాట్‌ఫారం మీదికి టీ తెచ్చిన ఈరయ్యను అడిగావు. బండి వెళ్లిపోయిన తరువాత కూడా చాలాసేపు నిలబడ్డావు. తరువాత మళ్లీ ఆ మెట్లే ఎక్కడం మొదలుపెట్టావు. మధ్యలో రెండుసార్లు ఆగావు. నేను పిలిస్తే వినపడేంత దూరమే. పిలవలేదు.

గుల్జారమ్మకు నాకు డ్యూటీ పడిందని చెప్పు. చీర ఎంకయ్య చేత పంపుతున్నాను.

నువ్వు అవతలివైపు దిగి జనంలో కలిసిపోయాక తాండూరు వైపు పోయే ప్యాసింజరు వచ్చింది. ఎక్కాను.

జంగప్ప